పాత కంప్యూటర్‌కి పెద్ద హార్డ్ డిస్కు పూర్తిగా కనబడాలంటే

గాజువాకలో మా మావయ్య ఇంట్లో 2009లో కొన్న డెస్క్‌టాప్ ఒకటి ఇంకా నడుస్తోంది. కోర్ టూ డ్యుయో ప్రాసెసర్, విండోస్ 7, 320 జీబీ డిస్కు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాక ఆయన కాలక్షేపమంతా దాని ముందే. ఇంట్లో జరిగిన ప్రతి పెళ్ళి వీడియో, మనవల ఫొటోలు, వాళ్ళ వీధి రామాలయంలో భజనల రికార్డింగులు అన్నీ అందులోనే దాచుకుంటారు. చోటు చాలక మొన్నామధ్య ద్వారకానగర్ వెళ్ళి 4 టీబీ డిస్కు తెచ్చుకుని తనే బిగించుకున్నారు. ఆ రాత్రే నాకు ఫోను. "ఏట్రా ఇది? నాలుగు కొంటే రెండే సూపిస్తంది. మిగతా రెండూ ఏటైపోయినట్టు?"

ఎక్కడికీ పోలేదు. డిస్కు మంచిదే, అమ్మినవాళ్ళు మోసం చెయ్యలేదు, కంప్యూటర్ పాడవలేదు. డిస్కుకీ మనకీ మధ్య బయాస్ (కంప్యూటర్ ఆన్ చెయ్యగానే మదర్‌బోర్డులో ముందు లేచే ప్రోగ్రాం), డ్రైవర్ (విండోస్ డిస్కుతో మాట్లాడడానికి వాడే ప్రోగ్రాం), పార్టిషన్ పట్టిక (డిస్కుని ఏయే భాగాలుగా పంచారో రాసుకునే చోటు), విండోస్ ఉంటాయి. వాటిలో ఏ ఒక్కదానికి పెద్ద లెక్క రాకపోయినా మనకి డిస్కు సగమే కనబడుతుంది. ఎవరి దగ్గర లెక్క ఆగిపోయిందో తెరమీది అంకే చెప్పేస్తుంది. అందుకని స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కాగితం, పెన్ను పట్టుకోండి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. డిస్కు కొత్తదైతే భయం లేదు. అందులో అప్పటికే ఫొటోలో, ఆఫీసు కాగితాలో ఉంటే మాత్రం, విండోస్ "ఇనిషియలైజ్ చెయ్యాలి" అన్నా, "ఫార్మాట్ చెయ్యాలి" అన్నా క్యాన్సిల్ నొక్కండి. లెక్క తప్పిన కంప్యూటర్‌కి డిస్కు ఖాళీగా కనబడినంత మాత్రాన అది ఖాళీ అని కాదు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో డేటా పోయేది డిస్కు వల్ల కాదు, ఆ కంగారులో నొక్కిన ఓకే వల్ల.

అంకె ఎక్కడ చూడాలి

రెండు చోట్ల చూడాలి. మొదటిది బయాస్. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ టకటకా నొక్కుతూ ఉంటే నీలం రంగు తెర వస్తుంది. అందులో సాటా పోర్టుల (డిస్కు కేబుల్‌ని బోర్డుకి తగిలించే చోట్ల) జాబితా, ఎదురుగా డిస్కు పేరు, కొలత ఉంటాయి. ఆ అంకె రాసుకుని ఏమీ మార్చకుండా బయటికి వచ్చేయండి. రెండోది విండోస్‌లో. కంప్యూటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్, అందులో డిస్క్ మేనేజ్‌మెంట్. కింది భాగంలో ఒక్కో డిస్కుకీ ఒక్కో అడ్డపట్టీ కనబడుతుంది. వాడుకలో ఉన్న భాగం మీద నీలం గీత, ఖాళీ భాగం మీద నల్ల గీత ఉంటాయి. ఆ అంకెలు కూడా రాసుకోండి.

ఇప్పుడు ఆ అంకెలతో ఏం తెలుస్తుందో చూద్దాం.

1 టీబీ డిస్కు 931 జీబీ, 2 టీబీ డిస్కు 1863, 4 టీబీ డిస్కు 3726 చూపిస్తుంటే జబ్బేమీ లేదు. డిస్కు తయారుచేసేవాళ్ళు వెయ్యితో లెక్క కడతారు, విండోస్ 1024తో కడుతుంది. తేడా అంతే. దీనికోసం కొట్టుకెళ్ళి గొడవ పడినవాళ్ళని చూశాను. పాపం, ఇద్దరిదీ తప్పు కాదు.

32 జీబీ దగ్గర ఆగిందంటే, లేదా డిస్కు తగిలించగానే మొదటి తెర దగ్గరే కంప్యూటర్ బిగుసుకుపోయిందంటే, అది 1999 నాటి బయాస్. అలాంటి మెషీన్ ఇప్పుడు ఏ పాత లేత్ మెషీన్ పక్కనో తప్ప కనబడదు. అప్పటి ఐడీఈ డిస్కుల (సాటాకి ముందు తరంవి) వెనక కొలత తగ్గించి చూపించే జంపర్, అంటే రెండు పిన్నులని కలిపే చిన్న తొడుగు, ఉండేది. పొరపాటున అది పెట్టి ఉందేమో కూడా చూడండి.

128 జీబీ, లేదా 137 జీబీ దగ్గర ఆగితే అది 28 బిట్ల లెక్క. అప్పట్లో డిస్కులో ఒక్కో గదికీ (సెక్టార్‌కీ) నంబరు ఇవ్వడానికి 28 బిట్లే, అంటే 0 గానీ 1 గానీ పట్టే 28 స్థానాలే, వాడేవారు. గదికి 512 బైట్లు చొప్పున అన్నీ కలిపితే 137 జీబీ, విండోస్ లెక్కలో 128. తర్వాత 48 బిట్లు వచ్చాయి. బయాస్ పాతదైతే ఇలా చూపిస్తుంది. సర్వీస్ ప్యాక్ (మైక్రోసాఫ్ట్ ఇచ్చే సవరణల మూట) ఏదీ వెయ్యని విండోస్ ఎక్స్‌పీ కూడా ఇలాగే చూపిస్తుంది. ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఈ పెద్ద లెక్క వచ్చింది, సర్వీస్ ప్యాక్ 3 వేసుకుంటే ఇంకా మంచిది. ఇది వెయ్యకుండా పెద్ద డిస్కుని వాడేస్తే 137 దాటాక రాసేది తిరిగి మొదటికొచ్చి, అక్కడున్న దానిమీద పడే ప్రమాదం ఉంది. బయాసే పాతదైతే మదర్‌బోర్డు తయారీదారు ఇచ్చిన కొత్త బయాస్ వెయ్యాలి, లేదంటే పీసీఐ సాటా కార్డు (బోర్డు స్లాట్‌లో గుచ్చితే అదనపు సాటా పోర్టులు ఇచ్చేది) ఒకటి పెట్టుకోవాలి. ఆ కార్డుకి సొంత బయాస్ ఉంటుంది కాబట్టి బోర్డుతో పనిలేదు.

ఇక నూటికి తొంభైమందికి తగిలేది 2 టీబీ గోడ. మావయ్యకి తగిలిందీ అదే. దాని దగ్గర కాస్త ఆగుదాం.

2 టీబీ గోడ

నేను వెళ్ళి చూసేసరికి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ కొత్త డిస్కు పట్టీ రెండు ముక్కలుగా ఉంది. ఎడమ ముక్క 2048 జీబీ, దానిమీద నీలం గీత. కుడి ముక్క 1678 జీబీ, నల్ల గీత. నల్ల ముక్క మీద రైట్ క్లిక్ చేస్తే న్యూ సింపుల్ వాల్యూమ్ అనే మాట వెలవెలబోయి ఉంది, నొక్కినా పలకదు. రెండూ కలిపితే 3726. అంటే బయాస్‌కీ విండోస్‌కీ డిస్కు మొత్తం కనబడుతోంది, మావయ్య 4 టీబీ అక్కడే ఉంది. లెక్క ఆగింది పార్టిషన్ పట్టిక దగ్గర.

ఆ పట్టిక రెండు రకాలు: ఎంబీఆర్, జీపీటీ. ఎంబీఆర్ పాతది. అందులో ప్రతి పార్టిషన్ ఎక్కడ మొదలైంది, ఎన్ని గదులు అన్నది 32 బిట్లలో రాస్తారు. అందులో పట్టే పెద్ద అంకెని 512 బైట్లతో హెచ్చవేస్తే 2048 జీబీ. ఆపైన ఎన్ని గదులున్నా వాటి నంబరు రాసుకోవడానికి పట్టికలో చోటు లేదు. జీపీటీలో 64 బిట్లు ఉంటాయి కాబట్టి మనింట్లోకి వచ్చే ఏ డిస్కైనా సరిపోతుంది. డిస్కు తగిలించినప్పుడు ఏది కావాలని విండోస్ అడిగితే మావయ్య ఎంబీఆర్ మీద ఓకే నొక్కేశారు.

మార్చడం కష్టమేమీ కాదు, కానీ ఇలా మార్చితే డిస్కులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అప్పటికే మావయ్య ఆ 2048 ముక్కలోకి రెండు పెళ్ళి వీడియోలు కాపీ చేశారు. కట్ చేశారా, కాపీ చేశారా అని ముందు అడిగాను. ఆయనకి గుర్తులేదు. పాత డిస్కు తెరిచి, అవి అక్కడ ఉన్నాయని చూసి, రెండూ ఒక్కో నిమిషం ఆడించి చూశాకే ముందుకెళ్ళాం. మీరూ అలాగే చెయ్యండి. ఫైలు పేరు కనబడితే చాలదు, తెరిచి చూడాలి.

తర్వాత పని ఇది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్త డిస్కు మీద ఉన్న నీలం ముక్కపై రైట్ క్లిక్ చేసి డిలీట్ వాల్యూమ్ నొక్కండి. ఇప్పుడు పట్టీ అంతా నల్ల గీతే ఉండాలి. ఎడమ చివర "డిస్క్ 1" అని రాసిన బూడిదరంగు గడి ఉంటుంది. పట్టీ మీద కాదు, ఆ గడి మీద రైట్ క్లిక్ చెయ్యాలి, చాలామందికి దొరకనిది ఇదే. అక్కడ కన్వర్ట్ టు జీపీటీ డిస్క్ అని ఉంటుంది. నొక్కగానే రెండు ముక్కలూ కలిసిపోయి 3726 జీబీ ఒకే పట్టీ అయిపోతుంది. ఇక పట్టీ మీద రైట్ క్లిక్, న్యూ సింపుల్ వాల్యూమ్, మొత్తం కొలత, ఒక డ్రైవ్ అక్షరం, ఎన్‌టీఎఫ్‌ఎస్, క్విక్ ఫార్మాట్. అయిపోయింది.

డిస్కు ఇప్పుడే కొన్నదైతే ఇంత కూడా అక్కర్లేదు. మొదటిసారి విండోస్ అడిగినప్పుడే జీపీటీ ఎంచుకోండి.

ఒక్కోసారి ఆ గడిలో కన్వర్ట్ అన్నది వెలవెలబోయి ఉంటుంది. డిస్కుని అంతకుముందు వేరే దేనికో వాడి ఉంటారు. అప్పుడు విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రాం కావాలి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో డిస్క్‌పార్ట్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఆ తర్వాత లిస్ట్ డిస్క్ అని కొడితే డిస్కులన్నీ నంబర్లతో వస్తాయి. కొత్తది 1 అయితే సెలెక్ట్ డిస్క్ 1. ఇక్కడ ఆగండి. డిటెయిల్ డిస్క్ అని కొట్టి, వచ్చిన మోడల్ పేరుని డిస్కు మీద స్టిక్కర్‌తో పోల్చి చూడండి. రెండూ ఒకటే అయితేనే క్లీన్, ఆపైన కన్వర్ట్ జీపీటీ. క్లీన్ అన్న మాటకి "నిజంగానేనా" అని ఎవరూ అడగరు. నంబరు తప్పితే పోయేది విండోస్ ఉన్న డిస్కు.

"మరి విండోస్ కూడా ఈ పెద్ద డిస్కులోకి మార్చేయొచ్చు కదా" అన్నారు మావయ్య. ఆ కంప్యూటర్‌లో కుదరదు. జీపీటీ డిస్కు నుంచి విండోస్ 7 బూట్ అవ్వాలంటే యూఈఎఫ్ఐ (బయాస్ స్థానంలో వచ్చిన కొత్తది) ఉన్న మదర్‌బోర్డు, 64 బిట్ విండోస్ రెండూ ఉండాలి. 2009 నాటి బోర్డుల్లో సాధారణంగా పాత బయాసే ఉంటుంది. డేటా దాచుకోవడానికి మాత్రం ఆ అడ్డు లేదు. విస్టా నుంచి ఇటువైపు వచ్చిన ఏ విండోస్ అయినా, 32 బిట్ అయినా సరే, జీపీటీ డిస్కుని చదువుతుంది, రాస్తుంది. కాబట్టి నేను అందరికీ చెప్పేది ఒకటే అమరిక: విండోస్ చిన్న డిస్కులో ఉంచండి, వీలైతే దాన్ని 240 జీబీ ఎస్ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కుకి) మార్చండి, పెద్ద డిస్కు డేటాకి మాత్రమే. పాత మెషీన్‌కి ఎస్ఎస్‌డీ పెట్టినంత లాభం ఇంకెందులోనూ లేదు.

ఎక్స్‌పీ ఉన్నవాళ్ళ సంగతి వేరు. 32 బిట్ ఎక్స్‌పీ జీపీటీని చదవదు. ఎక్స్‌పీ వదలలేని కారణం ఉంటే, ఏ పాత బిల్లింగ్ ప్రోగ్రామో అందులోనే నడుస్తుంటే, 2 టీబీ డిస్కుతో సరిపెట్టుకోండి. దాన్ని పార్టిషన్ చేసేది కూడా ఎక్స్‌పీలో కాకుండా విండోస్ 7 గానీ ఆ తర్వాతది గానీ ఉన్న కంప్యూటర్‌కి తగిలించి చెయ్యండి. ఇప్పటి డిస్కులు లోపల 4096 బైట్ల గదులతో ఉంటాయి. ఎక్స్‌పీ మాత్రం పార్టిషన్‌ని పాత 512 బైట్ల లెక్కలో 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది, అది ఈ పెద్ద గది మధ్యలో పడుతుంది. ప్రతి రాతకీ రెండు గదులు తడమాల్సి వచ్చి డిస్కు నత్తనడక నడుస్తుంది.

746, 1678, 801: ఈ అంకెలు కనబడితే

3 టీబీ డిస్కు మొత్తంగా 746 జీబీయే అని, 4 టీబీ డిస్కు 1678 జీబీయే అని విండోస్ చెబితే కథ మారింది. ఇక్కడ 2048 ముక్క అసలు కనబడనే కనబడదు. పాత స్కూటర్ మీటర్ 99999 దాటాక మళ్ళీ సున్నా నుంచి ఎలా మొదలవుతుందో, ఇదీ అంతే. 2 టీబీ దాటగానే లెక్క మొదటికొచ్చింది, మిగిలిందే చూపిస్తోంది.

బయాస్‌లో మాత్రమే ఇలా ఉంటే, అంటే 3 టీబీ డిస్కుని అది 801 జీబీ (ఆ 746నే వెయ్యి లెక్కలో) అని చూపిస్తూ విండోస్‌లో మాత్రం పూర్తిగా కనబడుతుంటే, డేటా డిస్కు విషయంలో పట్టించుకోకండి. విండోస్ లేచాక డిస్కుతో మాట్లాడేది దాని డ్రైవరే, బయాస్ కాదు. విండోస్‌లోనే తప్పు అంకె వస్తుంటే డ్రైవర్ పాతది. ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌లో 10.1కి ముందున్న వెర్షన్లకి ఈ జబ్బు ఉంది. కొత్తది వేసి రీస్టార్ట్ చేస్తే అంకె సరిపోతుంది. అంకె సరిపడేదాకా ఆ డిస్కులోకి ఒక్క ఫైలు కూడా రాయకండి.

యూఎస్‌బీ డాక్ (డిస్కుని బయటినుంచి యూఎస్‌బీకి కలిపే పెట్టె) ద్వారా తగిలిస్తే ఇలా వస్తోందా? డాక్ లోపలి చిప్ పాతదన్నమాట, దానికీ 32 బిట్ల లెక్కే వచ్చు. డిస్కుని నేరుగా సాటాకి తగిలించి చూస్తే తెలిసిపోతుంది.

యూఎస్‌బీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. కొన్ని పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కుల పెట్టెలు ఎక్స్‌పీలో కూడా పనిచెయ్యాలని, గదికి 512 బైట్లు కాకుండా 4096 బైట్లు అని కంప్యూటర్‌కి చెబుతాయి. అలాంటి పెట్టె పాడైందని లోపలి డిస్కు తీసి నేరుగా సాటాకి తగిలిస్తే డిస్కు ఖాళీ అని కనబడుతుంది, ఫార్మాట్ చెయ్యమంటుంది. డేటా అలాగే ఉంది, కొలబద్ద మారింది. అలాంటి పెట్టే ఇంకొకటి దొరికితే అందులో పెట్టి చదవాలి.

అసలు కనబడకపోతే

అంకె లేదు, పేరు లేదు. అప్పుడే సీపీయూ తెరవండి. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంటు పోనిచ్చి, ఇనప భాగాన్ని ముట్టుకుని మొదలుపెట్టండి.

చేతిని డిస్కు మీద పెట్టి కంప్యూటర్ ఆన్ చేయించండి. సన్నగా వణుకు తెలిస్తే తిరుగుతోంది, సమస్య డేటా కేబుల్‌లోనో పోర్టులోనో. వణుకే లేకపోతే కరెంటు అందడం లేదు.

మన విశాఖలో బీచ్ దగ్గర ఇళ్ళలో నేను తెరిచిన సీపీయూల్లో స్క్రూలు తుప్పుపట్టి ఉండడం మామూలే. ఉప్పుగాలి కనెక్టర్లనీ వదలదు. పెదవాల్తేరులో ఒకరింట్లో డిస్కు ఒకరోజు కనబడి ఒకరోజు మాయమయ్యేది. మదర్‌బోర్డు మీద సాటా పోర్టులోకి టార్చ్ వేసి చూస్తే రేకుల మీద మసక పొర. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కేబుల్ మార్చితే మళ్ళీ మాయమవలేదు. సాటా కేబుల్‌కి పెద్ద ఖర్చేం కాదు, అనుమానం వచ్చిన రోజే మార్చేయండి.

కరెంటు విషయానికొస్తే, 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల తీగ మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. పదిహేనేళ్ళు పనిచేసిన ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే పెట్టె) అక్కడే చేతులెత్తేయొచ్చు. ఎక్స్‌టర్నల్ పెట్టెలోంచి తీసిన కొన్ని పెద్ద డిస్కులకి ఇంకో మెలిక ఉంది. వాటి పవర్ సాకెట్‌లో మూడో పిన్‌కి 3.3 వోల్టులు వస్తే "ఆగిపో" అని అర్థం. పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఆ పిన్‌కి ఎప్పుడూ 3.3 ఇస్తూనే ఉంటాయి, డిస్కు తిరగనే తిరగదు. మోలెక్స్ (ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పాత నాలుగు పిన్నుల ప్లగ్గు) నుంచి సాటాకి మార్చే కేబుల్ వాడితే 3.3 తీగే ఉండదు కాబట్టి డిస్కు లేస్తుంది. ఆ కేబుల్ కొనేటప్పుడు తీగలు ప్లాస్టిక్ ముద్దలో పోతపోసినవి వద్దు, లోపల షార్ట్ అయి కాలిపోయినవి ఉన్నాయి. తీగలు విడివిడిగా బిగించినవి తీసుకోండి.

2003, 2006 మధ్య బోర్డు, దానిమీద వయా కంపెనీ వీటీ8237 లేదా వీటీ8237ఆర్ చిప్ ఉంటే, వేగం ఎక్కువున్న డిస్కుతో అది మాట కలపలేదు. కొన్ని డిస్కుల వెనక వేగాన్ని 1.5 గిగాబిట్‌కి తగ్గించే జంపర్ ఉంటుంది, పెట్టుకోండి. అది లేని డిస్కైతే పీసీఐ సాటా కార్డే దారి.

ఏదీ కాకపోతే బయాస్‌లో ఆ సాటా పోర్టు డిజేబుల్ అయి ఉందేమో చూడండి. తేదీ కూడా గమనించండి. ఎప్పుడో పాత సంవత్సరం చూపిస్తుంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ (బిళ్ళ సెల్లు) అయిపోయింది, మీరు ఏ సెట్టింగ్ పెట్టినా నిలవదు. అది మార్చాకే మిగతావి.

బయాస్‌లో ఉండగా సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఐడీఈ అని ఉంటే, కొత్తదని ఏహెచ్‌సీఐకి మార్చేయకండి. విండోస్ 7ని ఐడీఈలో ఇన్‌స్టాల్ చేసి ఉంటే నీలం తెర వచ్చి ఆగిపోతుంది. అలా చేసేసి ఉంటే వెనక్కి ఐడీఈ పెట్టండి, లేస్తుంది. కొత్త డిస్కు పెట్టగానే "బూట్ డిస్కు లేదు" అని వస్తే అదీ ఇంత చిన్న విషయమే. కొత్తది వరసలో ముందుకొచ్చి ఉంటుంది. హార్డ్ డిస్క్ ప్రయారిటీలో పాతదాన్ని మొదటికి జరపండి.

కాపీ చేసేటప్పుడు

డిస్కు పూర్తిగా కనబడ్డాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం వేసి ఎన్ని గంటలు తిరిగిందో చూడండి. కొత్తదని కొన్నది వేల గంటలు చూపిస్తే బిల్లు పట్టుకుని వెంటనే కొట్టుకెళ్ళండి. మరీ చవగ్గా వచ్చిన యూఎస్‌బీ డిస్కైతే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాంతో ఆసాంతం రాసి చదివించండి, దొంగ కొలతలు అక్కడ బయటపడతాయి.

యూఎస్‌బీ 2.0 మీద సెకనుకి 30 ఎంబీ వస్తే గొప్ప. ఆ లెక్కన 1 టీబీకి తొమ్మిది గంటలు దాటుతుంది. కుదిరితే రెండు డిస్కులూ లోపలే సాటాకి తగిలించి కాపీ చెయ్యండి. యూపీఎస్ బ్యాటరీ నిలబడుతుందో లేదో ముందు చూసుకోండి. కట్ వద్దు, కాపీయే. అయ్యాక రెండు ఫోల్డర్ల మీదా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ళ సంఖ్య, బైట్ల సంఖ్య చివరి అంకె దాకా కలిశాయో చూడండి.

మావయ్యవి కలిశాయి. వెంటనే పాతవి డిలీట్ చేసేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో కిటికీ రెక్క ఊడి కంప్యూటర్ బల్లంతా నీళ్ళయింది. మా చెల్లి పెళ్ళి ఫొటోలు ఆ ఒక్క డిస్కులోనే ఉండేవి. అందుకే ఆయన పెళ్ళి వీడియోలన్నీ ఇంకో 1 టీబీ డిస్కులోకి కాపీ చేయించి, సిలికా జెల్ పొట్లంతో కవర్లో పెట్టి, పైన తేదీ రాసి మర్రిపాలెంలో మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆరునెలలకోసారి తగిలించి, ఒక వీడియో ఆడించి, మళ్ళీ బీరువాలో పెడుతున్నాను.